తొమ్మిది మూడు

సెప్టెంబర్ 4

గొర్రెలు కాసే ఆరోన్ బతికాడు. చీక్‌సెరెదా ఆసుపత్రిలో ఉన్నాడు. నెత్తి మీద చర్మం తిరిగి కుట్టారు. భుజం విరిగింది. దవడ సంగతి ఇంకా ఏమీ చెప్పడం లేదట.

నిన్న పొద్దున కొండ మీద గొర్రెల దొడ్డి దగ్గర చూసింది ఇక్కడ రాయను. రాసి పెట్టుకోవలసిన పని లేదు, కళ్ళు మూసుకుంటే చాలు. కుక్కల్లో ఒకటి చచ్చిపడి ఉంది. మిగిలినవి ఆరోన్ భార్య ఇబోయా కాళ్ళ దగ్గర నుంచి కదల్లేదు. ఎలుగుబంటి అడుగుజాడలో నా అరచెయ్యి పెట్టి చూశాను. చెయ్యి చుట్టూ ఇంకా జాడ మిగిలింది.

ఇబోయా కిందికి రానంది.

"ఊరందరి గొర్రెలక్కా ఇవి. జున్నంతా ఇక్కడే ఉంది. నేను దిగిపోతే పాలెవరు పితుకుతారు, అదొచ్చి పితుకుతుందా?"

నవ్వించడానికి అన్న మాట కాదు అది.

సెప్టెంబర్ 6

ఎలుగుబంటిని కాల్చడానికి అనుమతి వచ్చింది. వేట సంఘం కార్యదర్శి ఫోన్ చేశాడు. ఆ కొండవాలు నా కావలి కిందిది, కాబట్టి కాల్చాల్సింది నేనే.

"నీ ఏడు మిల్లీమీటర్ల తుపాకీతో వెళ్ళకు పిరోష్కా, అది జింకలకి. సంఘం పేరున పెద్దది ఒకటి కొంటాం. ఏ తూటాది కావాలో నువ్వే తేల్చుకుని చెప్పు. నీ తర్వాత కావలికి వచ్చేవాళ్ళకి కూడా అదే ఉంటుంది."

"సరే" అన్నాను. చాలా మామూలుగా అన్నాను.

మెరుపులు లేవు.

సెప్టెంబర్ 7

డాక్టరమ్మ అన్న మాటల్ని ఉన్నదున్నట్టు గుర్తు తెచ్చుకోవాలని కూర్చున్నాను. జూన్‌లో, వాషార్‌హెయ్ కంటి ఆసుపత్రిలో. కుడికంటి వెనక పొరలో చిరుగు పడిందంది. లేజర్‌తో చిరుగు చుట్టూ కాల్చి అతికించింది. కంటి పక్కన మెరుపులు కనబడితే వెంటనే రమ్మంది. బరువులెత్తొద్దంది, తల అదిరే పనులేవీ వద్దంది.

"ఏం చేస్తుంటారు మీరు?"

"అడవిలో పని."

"చెట్లు కొడతారా?"

"లేదు. తిరుగుతాను."

అబద్ధం కాదు. తిరుగుతాను.

అతికించింది అతుక్కునే ఉంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఏమీ కాలేదు. ఇప్పుడు మాత్రం ఎందుకవుతుంది? సంఘంలో తెలిస్తే లైసెన్సు పోతుంది, దాంతో పాటు కావలి ఉద్యోగం. దేనెష్‌కి చెబితే ఆయన కార్యదర్శికి చెబుతాడు. భర్త అన్నాక చెప్పకుండా ఉండడు. కళ్ళజోడు కోసం వెళ్ళానని అప్పట్లో అన్నాను. అలాగే ఉండనీ.

సెప్టెంబర్ 8

కొర్నెల్ తుపాకుల దుకాణంలో గంట సేపు ఉన్నాను. ఆయన బల్ల మీద తూటాలు నిలబెట్టి చూపించాడు. నా ఏడు. దాని పక్కన ఎనిమిది. తర్వాత తొమ్మిది మూడు, అంటే తొమ్మిది పాయింటు మూడు మిల్లీమీటర్లు. చివర్లో అన్నిటికంటే పొడుగ్గా, మెడ నాజూగ్గా, అంగుళాల లెక్కలో పేరున్న మూడు డెబ్బై అయిదు.

"ఎనిమిది కూడా చంపుతుంది పిరోష్కా గారూ. అడవిపందులకి నేనదే ఇస్తాను. కానీ మీ మీదికొస్తున్నదాన్ని చంపితే చాలదు, ఆపాలి. ఎప్పుడో చస్తుందిలే అంటే కుదరదు."

"మరి ఏది ఆపుతుంది?"

"ఈ రెండూ. తొమ్మిది మూడు గుండు పద్దెనిమిదిన్నర గ్రాములు. నెమ్మదిగా వెళ్తుంది, కానీ లోపలికంటా వెళ్తుంది. మూడు డెబ్బై అయిదు ఇంకాస్త బరువు, ఇంకాస్త వేగం. ఆ తేడా ఎలుగుబంటికి తెలీదు. మీ భుజానికి తెలుస్తుంది."

"భుజానికేనా?"

"ఇంకెక్కడికి?" అన్నాడు ఆయన. నా ముఖంలోకి చూశాడు. నేను రైఫిల్ చెక్క మీద గీతల్ని చూస్తున్నట్టు నటించాను.

సెప్టెంబర్ 10

పాత రాళ్ళ క్వారీలో పేల్చి చూశాం. కొర్నెల్ తొమ్మిది మూడు రైఫిల్‌ని రెండు రోజులకి ఇచ్చాడు. బోల్దిజార్ బాబాయ్ తన మూడు డెబ్బై అయిదును భుజాన వేసుకుని వచ్చాడు. అరవై ఆరేళ్ళ మనిషి, ఈ కొండల్లో ఆయన కంటే ఎక్కువ ఎలుగుబంట్లను చూసినవాళ్ళు లేరు. దొడ్డి దగ్గర కాపు కాసేటప్పుడు నాతో ఉండేదీ ఆయనే.

"ఇదొకసారి పట్టుకో అమ్మాయ్. కుడి చెవిలో చర్చి గంట మోగుతుంది, అంతే."

"నడుం నొప్పి బాబాయ్, ఇవాళ వద్దు."

"నడుంతో పేలుస్తావా తుపాకీ? నీకంటే మా కోడలు నయం, అబద్ధమాడితే అతికినట్టు ఆడుతుంది."

"నువ్వు పేల్చు, చూస్తాను."

"నేను పేలిస్తే కొండ మీద గొర్రెలు పాలివ్వడం మానేస్తాయి." రైఫిల్ బండి మీద పెట్టేసి చేతులు కోటు జేబుల్లో పెట్టుకున్నాడు. మేమున్నంత సేపూ తియ్యలేదు. గాలి చల్లగానే ఉంది.

తొమ్మిది మూడును ఎడమ భుజానికి ఆనించాను. ఎడమ కన్నుతో గురి. చిన్నప్పటి నుంచి కుడి వైపే కాబట్టి, కొత్త ఇంట్లో దీపం స్విచ్ వెతుక్కున్నట్టు ఉంది. మొదటిది అట్టకి అంచున తగిలింది. రెండోది బెత్తెడు పక్కకి. మూడోది సరిగ్గా.

"ఎడం భుజమేంటే?"

"కుడి భుజం నొప్పి."

"ఇందాక నడుమన్నావు."

పేల్చినప్పుడు తుపాకీ తన్ను గట్టిగానే ఉంది. కానీ మోటుగా కాదు, ఎవరో భుజం మీద చెయ్యి వేసి బలంగా వెనక్కి నెట్టినట్టు. పళ్ళు కలిపి పట్టుకున్నాను. మెడ బిగించాను. కుడి కన్ను మూసి ఉంచాను. మూసి ఉంచితే అదరదేమో.

సెప్టెంబర్ 11

మెరుపులు లేవు.

ఇలా ఆలోచిస్తున్నాను. కుడి వైపు నుంచి కాలిస్తే చేతులకి అలవాటే, రెండో తూటా చప్పున ఎక్కుతుంది. కానీ కుడి కన్ను తుపాకీ పక్కనే ఉంటుంది. ఎడమ నుంచి కాలిస్తే కుడి కంటికి దూరం, కానీ తూటా ఎక్కించే బోల్టు అటు పక్కన ఉంటుంది. చెయ్యి చుట్టూ తిప్పి దాన్ని లాగి మళ్ళీ గురి చూసే లోపల ఎలుగుబంటి నా దగ్గర ఉంటుంది. అంటే నాకు ఉన్నది ఒక్క తూటా. ఒక్క తూటాయే అయితే అది పెద్దదై ఉండాలి. పెద్దది ఎక్కువ తన్నుతుంది. ఎక్కువ తన్నితే ఎడమ భుజమైనా తల ఒకటేగా.

మళ్ళీ మొదటి నుంచి.

ఎనిమిది తీసుకుంటే తన్ను తక్కువ. ఆరోన్ దవడ గుర్తొస్తోంది.

మళ్ళీ.

సెప్టెంబర్ 12

మెరుపులు లేవు.

సెప్టెంబర్ 13

పొద్దున ఒకటి, కిటికీ వైపు. దేనెష్ లారీ అద్దం మీద ఎండ పడి ఉంటుంది.

లారీ అప్పటికే వెళ్ళిపోయింది. పక్కింటి వాళ్ళ కారేమో.

తొమ్మిది మూడు అని కార్యదర్శికి చెప్పాను, కొర్నెల్ దగ్గరున్నదాన్నే సంఘం కొనేసింది. తన్ను తక్కువని కాదు. తూటాలు ఎక్కడైనా దొరుకుతాయి, రైఫిల్ తేలిక, పొట్టి, పొదల్లో తిప్పడానికి బాగుంటుంది. కారణాలివి.

సెప్టెంబర్ 14

భోజనాల దగ్గర దేనెష్ నన్నే చూస్తున్నాడు. సంకటి ముద్ద పళ్ళెంలో అలాగే ఉందట.

"భయమేస్తోందా పిరో?"

"ఎందుకెయ్యదు? దాని సైజు చూశావా నువ్వు?"

"ఇంకెవరినైనా పంపమని చెప్పు. సిగ్గేముంది?"

"నాకు పడే జీతం దేనికి మరి?"

ఆయన పళ్ళేలు తీసేశాడు. నాకు మాత్రం ఒక మాట తోచింది. కంటి సంగతి బయట పెడితే నన్ను ఎవరూ కొండెక్కమనరు, తప్పూ పట్టరు. చెప్పకపోవడం ఉద్యోగం కోసమేనా, లేక భయపడి తప్పుకుందని ఎవరైనా అనుకుంటారనా? నిజంగా నేను భయపడుతున్నది కంటి కోసమా, ఎలుగుబంటి కోసమా? రెండూ ఒకే చోట పుడుతున్నాయి.

సెప్టెంబర్ 15

మధ్యాహ్నం ఇబోయా ఫోన్. గుసగుసగా మాట్లాడింది.

"అక్కా, తలుపు బయటే ఉంది. ఊపిరి వినబడుతోంది."

"లోపల గడియ పెట్టావా?"

"పెట్టాను. గడియ మన పెళ్ళిళ్ళప్పటిది."

"గిన్నెలు మోగించు. ఆపకుండా మోగించు. వస్తున్నాం."

నేనూ బాబాయ్ చేరేసరికి వెళ్ళిపోయింది. తలుపు చెక్క మీద గోళ్ళ గాట్లు నా తల కంటే ఎత్తున ఉన్నాయి. ఇబోయా ఇంకా గరిటెతో గిన్నె కొడుతూనే ఉంది. ఆపమని చెయ్యి పట్టుకోవలసి వచ్చింది. కిందికి పోదామంటే మళ్ళీ అదే మాట. రాదు.

మేమే ఇక్కడ ఉంటాం.

సెప్టెంబర్ 16, పొద్దున, దొడ్డి దగ్గర

పొగమంచు. దొడ్డి కంచె కూడా కనబడదు. గొర్రెలన్నీ ఒకే వైపు చూస్తున్నాయి.

సెప్టెంబర్ 20, వాషార్‌హెయ్

పెద్ద పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. బోర్లా పడుకుని, మంచం అంచు నుంచి తల కిందికి వంచి, కుర్చీ మీద పెట్టిన పుస్తకంలో, ఎడమ కన్నుతో. కుడి కంటికి కట్టు. లోపల గాలి బుడగ నింపారు. అది పొరని వెనక్కి నొక్కి అతికిస్తుందట. అందుకే పగలూ రాత్రీ ముఖం నేల వైపే ఉండాలి. గచ్చు మీద పగుళ్ళన్నీ నాకు వచ్చేశాయి.

ఆ రోజు సంగతి రాస్తాను.

మంచు కాస్త పలచబడగానే ఇబోయా పాల బకెట్‌తో బయటికి వచ్చింది. వద్దన్నా వినలేదు, గొర్రెలకి పొదుగులు నిండిపోయాయంది. బాబాయ్ పై వైపు బండరాయి దగ్గర, నేను కంచె మూలలో. అది వాగు వైపు నుంచి వచ్చింది. పరుగెత్తుకుంటూ కాదు. సంతకి వచ్చిన మనిషిలా, ఎక్కడేముందో తెలిసినట్టు, తాపీగా వచ్చింది. ఇబోయా దాన్ని చూసి బకెట్ వదలకుండా నిలబడిపోయింది.

బాబాయ్ కాలుస్తాడనుకున్నాను. ఆయన వైపు నుంచి అయితే సూటిగా ఉంది. కాల్చలేదు.

ఎడమ భుజం, ఎడమ కన్ను. అది ఇబోయా వైపు తిరిగి నాకు పక్క చూపించింది. ముందు కాలి వెనక గురి పెట్టాను. పేలిన చప్పుడు నాకు వినబడలేదు. అది ముందుకి తూలింది, గిర్రున తిరిగింది, కంచె పక్కగా దూకి ఫర్ చెట్ల పొదల్లోకి వెళ్ళిపోయింది. కొమ్మలు విరిగిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు. ఇబోయాని లోపలికి తోసి తలుపు వేశాను.

గడ్డి మీద నెత్తురు ఉంది. నురగతో. బాబాయ్ దిగి వచ్చి చూశాడు.

"ఆగుదాం. గంట ఆగాలి" అన్నాడు.

బండరాయి మీద కూర్చున్నాం. కాసేపటికి నేనే అడిగాను.

"ఎందుకు కాల్చలేదు బాబాయ్?"

ఆయన జేబుల్లోంచి చేతులు తీసి నా ముందు చాపాడు. గాలికి ఆకులాడినట్టు ఆడుతున్నాయి.

"రెండేళ్ళయింది. ఎవరూ చూడనప్పుడే పాలింకా సారా గ్లాసు ఎత్తుతాను. సగం కోటు తాగుతుంది."

"మరి ఆ తుపాకీ?"

"మోస్తూ ఉంటే జనం నమస్కారం పెడతారు."

అప్పుడు నా కంటి సంగతి చెప్పాను. జూన్ నుంచీ అంతా. అమ్మతో చెప్పినట్టు చెప్పాను.

"నీకు కన్ను లేదు, నాకు చెయ్యి లేదు" అన్నాడు. "అటు పక్క దానికి అన్నీ ఉన్నాయి."

నవ్వొచ్చింది. చర్చిలో నవ్వొస్తే ఆపుకున్నట్టు, ఇద్దరం నోళ్ళు మూసుకుని, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాం. నవ్వు ఆగాక భయం మళ్ళీ ఎక్కడిదక్కడే ఉంది.

"కింది నుంచి ఎవరినైనా పిలుద్దామా?" అన్నాను.

"వాళ్ళొచ్చే లోపల వాన వస్తుంది, నెత్తురు కొట్టుకుపోతుంది. గాయంతో అది ఇక్కడే తిరుగుతుంది. ఇబోయా ఇక్కడే ఉంటుంది."

ఆయన ముందు, నేను వెనక. ఆయన నెత్తురు చూస్తూ వంగి నడిచాడు, నేను ఆయన భుజం పై నుంచి చూస్తూ నడిచాను. పొదల్లో తడి వాసన, ఎలుగుబంటి వాసన. రైఫిల్ నా కుడి భుజానికి ఎప్పుడు మారిందో నాకు తెలియదు. నేను మార్చలేదు.

పడిపోయిన చెట్టు వెనక ఉంది. తల మా వైపు. బాబాయ్ ఆగిపోయి చెయ్యి ఎత్తాడు. దాని చెవులు కదిలాయి. తల లేస్తోంది. కాల్చాను. బోల్టు తిప్పాను, మళ్ళీ కాల్చాను. ఇంకోసారి బోల్టు తిప్పుతుంటే ఆయన గొట్టం మీద చెయ్యి వేశాడు.

"చాలు. చాలమ్మా."

కొండ దిగుతుంటే కుడి కంటి కింది మూల నుంచి నల్లటి తెర లేవడం మొదలైంది. పొయ్యి మీద పాలు పొంగుతున్నట్టు, తొందర లేకుండా. ఊరు చేరేసరికి సగం నిండింది.

దేనెష్ నన్ను లారీలోనే వాషార్‌హెయ్‌కి తీసుకొచ్చాడు. దారిలో చెప్పేశాను. ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. ఊళ్ళు దాటాం. రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు అన్నాడు:

"కళ్ళజోడు కోసం వెళ్ళానన్నావు."

"అన్నాను."

"ఆ కళ్ళజోడేదని నేనొక్కసారీ అడగలేదు. అడగాల్సింది."

గేటు తెరుచుకుంది.

సెప్టెంబర్ 22

చూపు వస్తుందా అని అడిగాను. బుడగ కరిగితే గానీ చెప్పలేమన్నారు. ఎడమ కన్ను కూడా చూశారు. అంచున అక్కడా పొర పలచగానే ఉందట. లేజర్ చెయ్యాలట. "అడవిలో తిరుగుతారన్నారు నాతో" అంది డాక్టరమ్మ. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

ఎడమ వైపు ఏమైనా మెరిస్తే ఎలాగని దుప్పటి నెత్తి మీదికి లాక్కుని పడుకున్నాను. చీకట్లో ఉంటే ఇంకా బాగా కనబడతాయని తర్వాత గుర్తొచ్చింది.

సెప్టెంబర్ 24

బోల్దిజార్ బాబాయ్ వచ్చాడు. నేను తల ఎత్తకూడదు కాబట్టి ఆయన బూట్లు మాత్రమే కనబడ్డాయి. బురద తుడుచుకుని వచ్చాడు. ఇబోయా జున్ను పంపిందట. ఆరోన్ పాలు తాగుతున్నాడట, గొట్టంతో. దొడ్డి దగ్గరికి ఇప్పుడు ఇద్దరు మగవాళ్ళని పంపారట, ఆమె ఆసుపత్రికి వెళ్ళొస్తోందట.

తర్వాత బూట్లు మంచానికి ఇంకో అడుగు దగ్గరికి వచ్చాయి.

"చర్మం ఒలిచాం. పశువుల డాక్టరు కూడా ఉన్నాడు."

"ఊ."

"నీ మొదటి గుండు రెండు ఊపిరితిత్తులూ దాటి అటు భుజం విరగ్గొట్టింది. పొదలో పడ్డాక అది ఎంతో సేపు లేదు. మనం బండ మీద కూర్చుని నవ్వుతున్నప్పటికే..."

"మరి తల లేపింది కదా."

"మిగతా రెండు గుండ్ల చుట్టూ నెత్తురు లేదు అమ్మాయ్. చచ్చిన మాంసానికి నెత్తురు పట్టదు. నీకు నేను చెప్పాలా?"

"చెవులు కదిలాయి."

"నేను నీకంటే ముందున్నాను."

"చెవులు కదిలాయి బాబాయ్. నేను చూశాను."

అప్పుడడిగాను, ముందున్నవాడివి మరి నన్నెందుకు ఆపలేదని.

"చెయ్యి ఎత్తింది అందుకే" అన్నాడు. "ఎత్తి, ఆపమని నోటితో అనలేకపోయాను. నాకూ భయమేసింది. కాలిస్తే బాగుండు అనిపించింది."

వెళ్ళిపొమ్మన్నాను. బూట్లు వెళ్ళిపోయాయి. జున్ను ఇక్కడే ఉంది.

చెవులు కదిలాయి. పొదల్లో గాలి లేదు. గాలి లేకుండా చెవులు కదిలాయంటే అది బతికే ఉంది. తల లేస్తోంది. నేను చూశాను.

సెప్టెంబర్ 25

చూశాను.

సెప్టెంబర్ 27

దేనెష్ పులుసు తెచ్చాడు. మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు, నాకు ఆయన ముఖం కనబడాలని. అలా ఎవరూ కూర్చోలేదు ఇంతవరకు.

"కార్యదర్శి అడుగుతున్నాడు" అన్నాడు. "నీ చోట్లోకి కొత్త పిల్లాణ్ణి తీసుకుంటున్నారు. మూడు తూటాలు పట్టాయి కదా, తొమ్మిది మూడు చాల్లేదేమో, అమ్మేసి మూడు డెబ్బై అయిదు కొందామా అని. నువ్వేమంటే అదట."

చెంచా పులుసులో పెట్టి తిప్పాను. ఆ పొద దాకా మళ్ళీ నడిచాను మనసులో, బాబాయ్ వీపు వెనక. పడిపోయిన చెట్టు. ఎత్తిన చెయ్యి. తడిసిన తల ముందు కాళ్ళ మీద ఆనించి ఉంది. కళ్ళు తెరిచి ఉన్నాయి. ఒక కంటి మీద ఫర్ ఆకు, సూదిలాంటిది, అతుక్కుని ఉంది. రెప్ప వెయ్యలేదు.

"పిరో? ఏం చెప్పమంటావు?"

"చెవులు కదల్లేదు" అన్నాను.

"ఏంటి?"

"అమ్మొద్దని చెప్పు. తొమ్మిది మూడు సరిపోయింది. ఒక్కటే సరిపోయిందని చెప్పు. మిగతా రెండూ నావి."